బైపాప్ కొంటున్నారా? ముందు ఈ రెండు అంకెలు చూడండి

సీప్యాప్, బైపాప్... ఈ రెండు మిషన్లనూ పక్కపక్కన బల్ల మీద పెడితే పెద్దగా తేడా కనిపించదు. రెండూ పాతకాలం రేడియో అంత పెట్టెలే. రెండింటికీ ఒక గొట్టం, ఆ గొట్టం చివర ముక్కుకు పెట్టుకునే మాస్క్. రెండూ గదిలోని మామూలు గాలినే లాగి, ఒత్తిడితో లోపలికి పంపుతాయి. తేడా అంతా బిల్లు మీదే. బైపాప్‌కు సాధారణంగా సీప్యాప్ కన్నా చాలా ఎక్కువ, ఒక్కోసారి రెట్టింపు దాకా పెట్టాల్సి వస్తుంది. దాంతో 'ఎక్కువ రేటుది ఎక్కువ పని చేస్తుంది కదా' అనే లెక్క మొదలవుతుంది. ట్రాక్టర్ కొనేటప్పుడు ఎక్కువ హార్స్‌పవర్ ఉన్నది చూసినట్టు!

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు విషయంలో ఈ లెక్క రెండు వైపులా తప్పుతోంది. సీప్యాప్ చాలినవాళ్లు అప్పు చేసి బైపాప్ కొంటున్నారు. బైపాప్ తప్పనిసరి అయినవాళ్లు మాత్రం ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని, ఇంట్లో రోజురోజుకూ మత్తుగా జోగుతూ ఉండిపోతున్నారు. మొదటివాళ్లకు పోయేది డబ్బు. రెండోవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది.

గురక వెనక జరిగేది

నిద్రలోకి జారగానే ఒళ్లంతా వదులైనట్టే గొంతు కండరాలూ వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. దారి ఇరుకైతే గురక, పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగటం. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం లేపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి మళ్లీ అందుతుంది. పడుకున్న మనిషికి ఇదేమీ తెలియదు. పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది. అందుకే ఈ జబ్బును మొదట పట్టుకునేది డాక్టర్ కాదు, భార్యే.

దంతాలపల్లి వైపు నుంచి మా ఓపీకి వచ్చిన ఒకామె చెప్పిన తీరు ఏ వైద్య పుస్తకానికీ తీసిపోదు. ''సారూ, మా ఆయన గుర్రు పెడ్తడు. అది గాదు నా భయం. మధ్యల గుర్రు బంద్ అయితది. గప్పుడు నేను లేశి కూసుంట. లెక్కవెడ్త. పది, పదిహేను... మల్ల గుటుక్కున ఊపిరి తీస్తడు. నాకు నిద్ర లేక ఏడాది అయితంది'' అంది. ఊపిరి 10 సెకన్లు, అంతకన్నా ఎక్కువ సేపు ఆగితేనే మేం దాన్ని 'అప్నియా' అంటాం. ఆమె ఎవరూ చెప్పకుండానే సరైన పరీక్ష చేసింది.

ఈ జబ్బు మనకు కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కూడగట్టి 2023లో ఒక అంచనా ఇచ్చారు. పనిచేసే వయసువాళ్లలో సుమారు 10.4 కోట్ల మందికి ఈ సమస్య ఉండొచ్చు, వారిలో 4.7 కోట్ల మందికి అది మోస్తరు నుంచి తీవ్ర స్థాయిలో ఉండొచ్చు. 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' పాటలతో మనల్ని ఊపేసిన బప్పీలహరి 2022 ఫిబ్రవరి 15న కన్నుమూసినప్పుడు, చికిత్స చేసిన ముంబై ఆస్పత్రి చెప్పిన కారణాల్లో స్లీప్ అప్నియా పేరుంది. ఆ వారమంతా మా ఓపీలో గురక గురించి అడిగినవాళ్లే!

చికిత్స లేకుండా వదిలేస్తే బీపీ మాట వినదు. గుండె లయ తప్పుతుంది. పక్షవాతం ముప్పు పెరుగుతుంది. వీటన్నిటి కన్నా ముందు కనిపించే నష్టం పగటి నిద్ర. వరంగల్-ఖమ్మం రోడ్డు మీద తొర్రూరు, దంతాలపల్లి, మరిపెడ మీదుగా రాత్రంతా లారీలు తిరుగుతాయి. స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషికి ఈ జబ్బు ఉంటే ప్రమాదం జరిగే అవకాశం మిగతావాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ.

మొదటి అంకె: గంటకు ఎన్నిసార్లు?

మిషన్ మాట తర్వాత. ముందు నిద్ర పరీక్ష. దీన్ని 'స్లీప్ స్టడీ' అంటారు. పూర్తి పరీక్షలో ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి మెదడు తరంగాలు, కళ్ల కదలిక, గుండె, ఊపిరి, ఆక్సిజన్ అన్నీ రికార్డు చేస్తారు. ఇంటికి ఇచ్చే చిన్న పరికరంతోనూ చేయొచ్చు. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి క్లిప్పు... అంతే. గురక, పగటి నిద్ర, లావు ఉండి, వేరే పెద్ద జబ్బులేమీ లేనివాళ్లకు ఇంటి పరీక్ష చాలు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకూ, గతంలో పక్షవాతం వచ్చినవాళ్లకూ, కండరాల జబ్బు ఉన్నవాళ్లకూ అది చాలదు. వాళ్లు ల్యాబ్‌లోనే పడుకోవాలి.

రిపోర్టులో చూడాల్సింది ఏహెచ్ఐ. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్న లెక్క అది. 5 లోపు ఉంటే పర్వాలేదు. 5 నుంచి 15 దాకా స్వల్పం. 15 నుంచి 30 మోస్తరు. 30 దాటితే తీవ్రం. ఇక్కడే చాలామంది పొరబడతారు. ''సార్, నాకు 62 వచ్చింది, చాలా తీవ్రం అన్నరు. బైపాప్ రాయండి'' అంటారు. ఏహెచ్ఐ ఎక్కువుంటే మిషన్ తప్పకుండా కావాలి, నిజమే. అయితే అది బైపాప్ అయ్యుండాలని ఆ అంకె చెప్పదు. 62 ఉన్నవాళ్లకూ సీప్యాప్ చక్కగా సరిపోవచ్చు. 20 మాత్రమే ఉన్న మరొకరికి బైపాప్ అవసరం కావచ్చు. అది తేల్చేది రెండో అంకె. దాని గురించి చెప్పే ముందు ఈ మిషన్లు ఎలా పని చేస్తాయో కాస్త చూద్దాం.

ఒకటే ఒత్తిడి... రెండు ఒత్తిళ్లు

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కోలిన్ సల్లివన్ 1981లో ఐదుగురు రోగుల మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. ముక్కు ద్వారా ఆగకుండా ఒకే ఒత్తిడితో గాలి పంపితే గొంతు మూసుకుపోదని తేలింది. సైకిల్ ట్యూబులో గాలి ఉంటే గోడలు అతుక్కోవు కదా, అలాగే. సీప్యాప్ అంటే ఇదే. ఊపిరి తీసుకునేటప్పుడూ వదిలేటప్పుడూ ఒకే ఒత్తిడి. సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా పెట్టుకోవచ్చు. ఆటో సీప్యాప్ అయితే రాత్రి పొడవునా అవసరాన్ని బట్టి తనే పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది.

ఒత్తిడి బాగా ఎక్కువ అవసరమైన వాళ్లకు ఊపిరి వదలటం కష్టమయ్యేది. గాలికి ఎదురు ఊదినట్టు ఉండేది. దానికి పరిష్కారంగా అమెరికాలోని పిట్స్‌బర్గ్ వైద్యుడు మార్క్ శాండర్స్, నాన్సీ కెర్న్‌తో కలిసి 1990లో రెండు ఒత్తిళ్ల పద్ధతిని ప్రచురించారు. తీసుకునేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ. ఉదాహరణకు 16, 10. ఈ రెండింటి మధ్య తేడాయే బైపాప్ అసలు బలం. పై ఒత్తిడి ప్రతి ఊపిరికీ వెనక నుంచి ఒక తోపు తోస్తుంది. ఊపిరి లోతవుతుంది. లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది.

అంటే సీప్యాప్ చేసేది గొంతు తలుపు తెరిచి పట్టుకోవటం. బైపాప్ తలుపూ తెరుస్తుంది, ఊపిరీ ఆడిస్తుంది. తలుపు తెరిస్తే చాలినవాళ్లకు రెండో పని ఎందుకు? హాయిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ గంటలు వాడతారని మొదట్లో ఆశపడ్డారు. మామూలు రోగుల్లో పోల్చి చూస్తే ఆ ఆశ నెరవేరలేదు. అందుకే అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో, సాధారణ స్లీప్ అప్నియాకు మొదట సీప్యాప్ లేదా ఆటో సీప్యాపే వాడమని సూచించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అవసరం లేనివాళ్లకు పెద్ద తేడాతో బైపాప్ పెడితే కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. అది ఒక హద్దు కన్నా దిగితే 'ఊపిరి తీయి' అనే ఆదేశమే మెదడు ఇవ్వదు. గొంతు తెరిచే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆగుతుంది. దీన్ని సెంట్రల్ అప్నియా అంటాం. జబ్బు తగ్గాలని పెట్టిన మిషనే ఇంకో రకం జబ్బు తెచ్చిపెడుతుందన్నమాట. ''పెద్ద మిషన్ పెడితే నష్టమేముంది సార్'' అనేవాళ్లకు నా జవాబు ఇదే.

రెండో అంకె: కార్బన్ డయాక్సైడ్

పైన చెప్పిన దంతాలపల్లి ఆమె భర్త విషయానికి వద్దాం. పత్తి అమ్మిన డబ్బు చేతిలో ఉంది. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. ''పైసల గురించి ఆలోచించకండి సార్, బైపాప్ రాయండి. ఎవర్నడిగినా అదే మంచిదంటున్నరు'' అన్నాడు. పైసల గురించి ఆలోచించాల్సిందే. ఆయనకు ఏహెచ్ఐ 48. బరువు కాస్త ఎక్కువ. పొద్దున్నే తలనొప్పి లేదు, కాళ్ల వాపు లేదు. పడుకోనప్పుడు ఆక్సిజన్ 97. రక్తంలో బైకార్బనేట్ 24. ఆటో సీప్యాప్ పెట్టించాం. మొదటి రాత్రి మాస్క్ పీకేశాడు. మాస్క్ సైజు మార్చాక నాలుగో రాత్రి నుంచి పడుకున్నాడు. మిగిలిన పత్తి డబ్బు విత్తనాలకు పనికొచ్చింది.

అదే నెలలో వచ్చిన మరో పేషెంటు ఇందుకు పూర్తిగా భిన్నం. యాభై దాటిన గృహిణి. బాగా లావు. కాళ్లు రెండూ వాచాయి. కూర్చున్నచోటే కునికిపాట్లు. పొద్దున లేస్తే తలనొప్పి. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 86 చూపించిందని, కొవిడ్ సమయంలో కొన్న ఆక్సిజన్ కాన్సెంట్రేటర్‌ను ఇంట్లోవాళ్లు పగలూ రాత్రీ పెట్టారు. అంకె 95కు పెరిగింది. ఇంట్లో అందరూ సంతోషించారు. ఆమె మాత్రం ఇంకా మత్తులోకి జారింది. పిలిస్తే పలకటం తగ్గింది. ఆస్పత్రికి తెచ్చాక ధమని రక్తం పరీక్ష చేస్తే కార్బన్ డయాక్సైడ్ 78. మామూలుగా 35 నుంచి 45 మధ్య ఉండాలి.

ఆమె సమస్య గొంతు మూసుకుపోవటం ఒక్కటే కాదు. ఛాతీ, పొట్ట మీది బరువు వల్ల ఊపిరే లోతుగా ఆడటం లేదు. దీన్ని 'ఒబేసిటీ హైపోవెంటిలేషన్' అంటారు. ఇలాంటివాళ్లకు ఆక్సిజన్ మాత్రమే పెడితే వేలి మీది అంకె బాగుపడుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం ఇంకా పేరుకుంటుంది. ఆమెను లేపింది బైపాపే. ఇంటికి పంపేటప్పుడు కూడా బైపాప్‌తోనే పంపాం.

కాబట్టి కొనే ముందు తెలియాల్సిన రెండో అంకె ఇది. ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలో, పగలు మెలకువగా ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ 45 దాటిందా? మణికట్టు దగ్గర పొడిచే ఈ పరీక్ష నొప్పిగా ఉంటుంది కాబట్టి అందరికీ చేయనక్కర్లేదు. ముందు మామూలు రక్త పరీక్షలో బైకార్బనేట్ చూస్తే చాలు. 27 లోపు ఉంటే, లక్షణాలూ పెద్దగా లేకపోతే హైపోవెంటిలేషన్ ఉండే అవకాశం తక్కువ. 27, అంతకు మించితే ఏబీజీ తప్పదు.

బైపాప్ ఎవరికి తప్పదు?

లావు వల్ల ఊపిరి మందగించి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లకు. ఇందులో ఒక మినహాయింపు ఉంది. అదే జబ్బుతో పాటు ఏహెచ్ఐ 30 దాటి, పరిస్థితి నిలకడగా ఉండి నడిచి వచ్చినవాళ్లకు ముందు సీప్యాప్‌తో మొదలుపెట్టొచ్చు. వాళ్లలో చాలామందికి అదే సరిపోతుంది. కొన్ని వారాల తర్వాత ఏబీజీ మళ్లీ చూసి నిర్ణయం మార్చుకోవచ్చు.

మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేది రెండో గుంపు. ముప్పై ఏళ్లు బీడీ తాగిన మగవాళ్లు, ముప్పై ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు. ఊపిరితిత్తులు పాడై సీఓపీడీ వచ్చినవాళ్లు. ఆయాసం ముదిరి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, ఆస్పత్రిలో బైపాప్ మీద ఉండి తేరుకున్న తర్వాత కూడా అది ఎక్కువగానే ఉంటే, ఇంట్లో రాత్రిపూట బైపాప్ వాడటం మళ్లీ ఆస్పత్రి పాలవకుండా కాపాడుతుంది. బ్రిటన్‌లో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, ఇంట్లో ఆక్సిజన్ ఒక్కటే వాడినవాళ్లు మళ్లీ ఆస్పత్రిలో చేరటానికో, చనిపోవటానికో సగటున 1.4 నెలలు పడితే, దానికి బైపాప్ తోడైనవాళ్లలో 4.3 నెలలు పట్టింది. అయితే ఇంటికి వెళ్లాక రెండు నుంచి నాలుగు వారాలకు ఏబీజీ మళ్లీ చేసి చూడాలి. అప్పటికి తగ్గిపోతే మిషన్ అక్కర్లేకపోవచ్చు. డిశ్చార్జి రోజున ఆత్రపడి కొనకుండా ఆ కొన్ని వారాలూ అద్దెకు తెచ్చుకుంటే నయం.

ఇవి కాక కండరాల జబ్బులు, వెన్ను బాగా వంగి ఛాతీ కుదించుకుపోయినవాళ్లు ఉంటారు. చివరిగా, సీప్యాప్ 15 సెంటీమీటర్ల దాకా పెంచినా ఊపిరి ఆగుతూనే ఉన్నవాళ్లు, ఆ ఒత్తిడికి ఊపిరి వదల్లేక అవస్థపడేవాళ్లు. వాళ్లను ల్యాబ్‌లోనే బైపాప్‌కు మార్చి చూస్తారు. అప్పుడు ఏ ఒత్తిడి దగ్గర ఊపిరి నిలకడగా ఆడిందో అదే చీటీ మీద రాస్తారు. కొన్నిచోట్ల మిషన్ అమర్చటానికి వచ్చే కుర్రాడు అందరికీ ఒకే అంకె పెట్టి వెళ్లిపోతాడు. అలా ఒప్పుకోవద్దు. అది చెప్పుల షాపులో అందరికీ ఎనిమిదో నంబరు ఇచ్చినట్టే.

బైపాప్‌లో ఏ బైపాప్?

నిజానికి 'బైపాప్' అనేది ఒక కంపెనీ తన మిషన్‌కు పెట్టుకున్న పేరు. వాడుకలో అందరి మిషన్లకూ అదే పేరైపోయింది. వేరే కంపెనీలవి వేరే పేర్లతో వస్తాయి. కాబట్టి పెట్టె మీది పేరు కన్నా లోపలి మోడ్ ముఖ్యం. చీటీలో అది రాసి ఉందో లేదో చూసుకోండి.

'ఎస్' మోడ్‌లో మీరు ఊపిరి మొదలుపెడితేనే మిషన్ తోస్తుంది. సీప్యాప్ ఒత్తిడి తట్టుకోలేక బైపాప్‌కు మారిన మామూలు స్లీప్ అప్నియా రోగికి ఇది చాలు. 'ఎస్‌టీ' మోడ్‌లో మీరు మర్చిపోయినా, నిమిషానికి ఇన్నిసార్లని పెట్టిన లెక్క ప్రకారం మిషనే ఊపిరి ఇస్తుంది. కండరాల జబ్బు, హైపోవెంటిలేషన్ ఉన్నవాళ్లకు ఇది కావాలి. వాళ్లకు తక్కువ ధరకు వస్తోందని 'ఎస్' మిషన్ అంటగడితే ఆ డబ్బు వృథా. ఇంకా పైన 'అవాప్స్' లాంటివి ఉన్నాయి. ప్రతి ఊపిరికీ ఇంత గాలి వెళ్లాలని చెబితే ఒత్తిడిని తామే సర్దుకుంటాయి. అవి కొందరికే అవసరం. దీని మీద ఇంతకన్నా తల బద్దలుకొట్టుకోవాల్సిన పని మీకు లేదు.

ఒక్క మోడ్ విషయంలో మాత్రం జాగ్రత్త. దాని పేరు 'ఏఎస్‌వీ'. అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా తెలివైనది అని చెబుతారు. గుండె పంపింగ్ శక్తి 45 శాతం, అంతకన్నా తక్కువ ఉండి, సెంట్రల్ అప్నియా ఎక్కువగా ఉన్నవాళ్లలో దీన్ని పరీక్షిస్తే గుండె జబ్బు మరణాలు తగ్గకపోగా పెరిగాయని 2015లో తేలింది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు ఎకో రిపోర్టు చూపించకుండా ఏ మిషనూ కొనొద్దు.

మాస్క్ సగం మిషన్

అనుభవంతో చెబుతున్నా. మిషన్ మూలపడటానికి పదింట ఏడెనిమిది సార్లు కారణం మోటారు కాదు, మాస్క్. పెద్దదైతే గాలి కళ్లలోకి కొడుతుంది. చిన్నదైతే ముక్కు మీద పుండు పడుతుంది. కారుతోందని పట్టీలు బిగించేకొద్దీ ఇంకా కారుతుంది. దట్టమైన మీసం ఉన్నవాళ్లకు మాస్క్ అంచు అతకదు. మీసం తీయమంటే మా వైపు పెద్దమనుషులు మిషనే వద్దంటారు! అలాంటివాళ్లకు ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న రకం మాస్క్ ఉంటుంది. నోరు తెరిచి పడుకునేవాళ్లకు నోరూ ముక్కూ మూసేది కావాలి. కూర్చుని కాదు, పడుకుని, మిషన్ ఆన్ చేసి మరీ సరిచూసుకోండి. పడుకుంటే ముఖం ఆకారం మారుతుంది.

ఇక్కడొక ప్రమాదం ఉంది. ఐసీయూలో కొన్ని వెంటిలేటర్లకు వాడే మాస్క్‌లకు గాలి బయటికి పోయే రంధ్రాలు ఉండవు. ఆ మిషన్లకు వదిలిన గాలి పోవటానికి వేరే గొట్టం ఉంటుంది. ఇంటి మిషన్‌కు ఒకటే గొట్టం. వదిలిన గాలి మాస్క్‌కున్న సన్నని రంధ్రాల్లోంచే పోవాలి. ఆస్పత్రిలో ఇచ్చిన మాస్క్ బాగుంది కదా అని ఇంటికి తెచ్చి ఈ మిషన్‌కు తగిలిస్తే, వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటారు. కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. చెయ్యి అడ్డంపెట్టి చూడండి. మాస్క్ ముందు భాగం నుంచి గాలి సన్నగా వస్తూ ఉండాలి. అది లీకేజీ కాదు. దయచేసి దానికి ప్లాస్టర్ వేయకండి. వేసినవాళ్లను చూశాను.

సెకండ్ హ్యాండ్ మాటేమిటి?

కొవిడ్ తగ్గాక సగం ధరకు, పావు ధరకు మిషన్లు అమ్మకానికి వచ్చాయి. కొన్ని నిజంగానే మంచివి. అయితే 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన సీప్యాప్, బైపాప్ మిషన్లను పెద్ద సంఖ్యలో వెనక్కి పిలిచింది. చప్పుడు తగ్గించటానికి లోపల పెట్టిన పాలియురిథేన్ ఫోమ్ పొడిపొడిగా రాలి గాలితో పాటు లోపలికి వెళ్లే ప్రమాదం ఉందని తేలింది. డ్రీమ్‌స్టేషన్ మొదటి తరం మిషన్లూ అందులో ఉన్నాయి. పాత మిషన్ ఎవరైనా ఇస్తామంటే సీరియల్ నంబరు అడిగి, కంపెనీ దగ్గర సరిచూసుకున్నాకే డబ్బివ్వండి. ఎన్ని గంటలు తిరిగిందో మిషన్ మెనూలోనే కనిపిస్తుంది. మాస్క్, గొట్టం, ఫిల్టర్ మాత్రం కొత్తవే కొనాలి.

కొత్తదే కొనేటట్టయితే మొదట ఒక నెల అద్దెకు ఇస్తారేమో అడగండి. నగరాల్లో ఇచ్చేవాళ్లున్నారు. ఏ ఊళ్లో సర్వీసు దొరుకుతుందన్నది కూడా చూడాలి. చెడిపోతే హైదరాబాద్‌కే పంపాలంటే అన్ని రోజులూ ఊపిరికి ఏం చేస్తారు? రైల్వే, సింగరేణి, ప్రభుత్వ ఉద్యోగులు బిల్లు పెట్టుకునే వీలుందేమో తమ వైద్య విభాగంలో కొనే ముందే కనుక్కోవాలి. కొన్నాక అడిగితే ముందస్తు అనుమతి ఏదని అడుగుతారు.

ఇంట్లో పెట్టుకున్నాక

గాలి తడిగా ఉండటానికి మిషన్‌కు చిన్న నీళ్ల తొట్టి ఉంటుంది. మన బోరు నీళ్లు పోస్తే నాలుగు వారాలకే అడుగున తెల్లగా గార కడుతుంది. మెడికల్ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే నీళ్లు పీల్చే గాలికి ఉద్దేశించినవి కావు, అవి వద్దు. ఏదీ దొరకని రోజున కాచి చల్లార్చిన నీళ్లతో గడపొచ్చు. పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోసి తొట్టి ఆరబెట్టాలి. మిర్చి కల్లాల రోజుల్లో, పత్తి ఇంట్లో నిల్వ ఉన్న రోజుల్లో ఫిల్టర్ తొందరగా నిండిపోతుంది. వారానికోసారి తీసి చూడండి.

కరెంటు పోతే మిషన్ ఆగుతుంది. తడి హీటర్ ఆపేస్తే ఈ మిషన్లు ఒక ఫ్యాన్ అంత కరెంటే తీసుకుంటాయి కాబట్టి మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద రాత్రంతా నడవొచ్చు. మామూలు స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకు ఒక రాత్రి మిషన్ లేకపోతే మర్నాడు నిద్రమత్తు, అంతే. హైపోవెంటిలేషన్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లింట్లో ఇన్వర్టర్ కూడా వైద్య పరికరమే.

రాత్రి మందు తాగితే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి. నిద్రమాత్రలూ అంతే. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ చేసేదీ అదే పని. ''తాటి కల్లే కద సారూ'' అంటారు. ఏ కల్లో తాగే మనిషికి తెలియదు. బరువు తగ్గితే చాలామందికి కావాల్సిన ఒత్తిడి తగ్గుతుంది, కొందరికి మిషనే అక్కర్లేకుండా పోతుంది. అది అయ్యేదాకా మాత్రం మిషన్ ఆపొద్దు.

మిషన్ లోపల ఒక చిన్న చిప్ ఉంటుంది. రోజూ ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారింది, ఇంకా ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది... అన్నీ అందులో నమోదవుతాయి. కొన్న వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఆ చిప్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పది రోజుల్లో కనీసం ఏడు రోజులు, రోజుకు నాలుగు గంటలైనా వాడి ఉండాలి. అంతకన్నా ఎక్కువ వాడితే అంత మంచిది. మిషన్ చూపించే ఏహెచ్ఐ 5 లోపుకు దిగాలి. దిగకపోతే మాస్క్ మార్చాలో, ఒత్తిడి మార్చాలో, సీప్యాప్ నుంచి బైపాప్‌కు వెళ్లాలో అప్పుడు తేలుతుంది. మిషన్ పెట్టుకుంటున్నా పొద్దున తలనొప్పి, కాళ్ల వాపు, పగటి మత్తు తగ్గకపోతే నెల దాకా ఆగొద్దు, ఏబీజీ చేయించుకోండి. పిలిస్తే సరిగా పలకకపోయినా, పెదాలు నీలంగా మారినా అది చిప్ చూసే సమయం కాదు, 108కి ఫోన్ చేయాలి. ఏ ఆపరేషన్ కోసమైనా, చివరికి కంటి శుక్లాల కోసమైనా సరే, ఆస్పత్రిలో చేరేటప్పుడు మిషన్‌ను, మీ మాస్క్‌ను వెంట తీసుకెళ్లండి. మత్తు ఇచ్చే డాక్టరుకు ముందే చెప్పండి.